హేయిన్సా త్రిపిటక భాండాగారం: వాస్తు, అలంకరణలు

గ్రంథరచన ఒక ఎత్తు, గ్రంథరక్షణ మరొక ఎత్తు. తాళపత్రమైనా దారుఫలకమైనా తేమకు, అగ్నికి, పురుగుకు లొంగేదే. ఈ మూడింటినీ శతాబ్దాలుగా ఎదుర్కొన్న గ్రంథాలయ వాస్తువుకు దక్షిణ కొరియాలో గయా పర్వతంపై ఉన్న హేయిన్సా విహారం ఉత్తమోదాహరణం. 'హేయిన్' అనగా సాగరముద్ర. అవతంసక సూత్రోక్తమైన సాగరముద్రా సమాధిని బట్టి ఏర్పడిన పేరిది.

మంగోలుల దండయాత్రలో 1232లో పూర్వపు ముద్రణ ఫలకాలు దగ్ధమైనవి. కొర్యో పాలకులు 1237 నుండి 1248 వరకు త్రిపిటకాన్ని చీనా లిపిలో మరల చెక్కించారు. మొత్తం ఫలకాలు 81 వేలకు పైగా. అవి 1398లో హేయిన్సాకు చేరినవి. వాటిని భద్రపరచిన నేటి మందిరాలు 15వ శతాబ్ది నాటివి.

మందిరాల స్థానమే ప్రథమంగా గమనింపదగినది. వైరోచన బుద్ధుడు కొలువైన ప్రధానాలయం కంటే ఎగువన, విహారంలో అత్యున్నత స్థలంలో ఇవి ఉన్నవి. శాస్త కంటే శాసనానికే అగ్రస్థానమన్న భావం ఇందులో స్ఫురిస్తుంది. దక్షిణ మందిరం పేరు 'సుదరజాంగ్'. అందలి 'సుదర' సంస్కృత 'సూత్ర' శబ్దభవమే. ఉత్తర మందిరమైన 'పొప్‌బోజన్' ధర్మరత్న మందిరం. వీటి నడుమ తూర్పు పడమరలలో రెండు చిన్న మందిరాలున్నవి.

నిర్మాణ రహస్యం గవాక్షాలలో ఉన్నది. దక్షిణపు గోడలో క్రింది గవాక్షాలు పెద్దవి, పైవి చిన్నవి. ఉత్తరపు గోడలో ఇందుకు విపర్యయం. అందుచేత లోనికి వచ్చిన గాలి ఫలకాల నడుమ తిరిగి పైనుండి వెలుపలికి పోతుంది. మట్టినేలలో కలిపిన బొగ్గు, సున్నం, ఉప్పు తేమను సమస్థితిలో ఉంచుతాయి. ప్రతి ఫలకానికి రెండు కొనలయందు బిగించిన మందమైన కొయ్యపట్టీలు వంకర పోకుండా కాపాడుతూ, ఫలకానికి ఫలకానికి మధ్య గాలికి ఎడమిస్తాయి.

ఇక అలంకరణ అత్యల్పం. సాదా స్తంభాలు, నిలువు కమ్మీల గవాక్షాలు, పెంకుల కప్పు. ఇది లోపం కాదు. ప్రయోజనానికి అతీతమైన దేనికీ ఇచట తావులేదు. 1817 నాటి అగ్నిప్రమాదంలో విహారం చాలవరకు దగ్ధమైనను ఈ మందిరాలు నిలిచినవి. 1970ల దశకంలో ఆధునిక భాండాగారం నిర్మించి కొన్ని ఫలకాలను పరీక్షార్థం ఉంచగా అవి చెడనారంభించుటచే ఆ తరలింపు విరమించారు. 1995లో యునెస్కో ఈ మందిరాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

స్థలాన్ని, గాలిని, నేలను ఎరిగి కట్టిన భవనమే గ్రంథానికి తొలి రక్షకుడని హేయిన్సా నిరూపిస్తున్నది. తాళపత్ర భాండాగారాల నిర్వహణలో ఉన్నవారికి ఇది మననయోగ్యం.