ఏం పని చేస్తావని అడిగావా?

అమ్మలూ,

కేసు షీటులో జబ్బుకు కారణం అన్నచోట పురుగుమందు అని రాయొచ్చా అన్నావు. రాయొద్దు. అలాగని మీ సార్ తేల్చేసినట్టు అప్పుల దిగులు అని కూడా రాయొద్దు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ కౌలురైతు నిద్ర, ఆకలి, ఏడుపు, మాట తగ్గడం అన్నీ రాశావు. థైరాయిడ్ రాశావు, బి12 రాశావు. కానీ మూడు పేజీల్లో ఒక్కచోటయినా ఆయన కొట్టే మందు ఏదో, చివరిసారి ఎప్పుడు కొట్టాడో, నీళ్లలో కర్రతో కలుపుతాడో చేత్తో కలుపుతాడో లేదు. మిరప రైతు అని రాసి వదిలేస్తే పని అడిగినట్టు కాదమ్మా. ఈ ఒక్క విషయంలో నీమీద కోపం వచ్చింది.

1700లో ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం తెచ్చాడు. తన ఇంటి మరుగుదొడ్డి గుంత ఎత్తిపోస్తున్న మనిషి ఎందుకంత తొందరపడుతున్నాడని నిలబడి అడిగాడట. ఎక్కువసేపు అందులో ఉంటే కళ్లు పోతాయని అతను చెప్పిన మాటతో ఆ పుస్తకానికి బీజం పడింది. రోగిని అడగమని హిప్పోక్రటీసు చెప్పిన ప్రశ్నలకు రామజ్జీని ఇంకొకటి చేర్చాడు: నువ్వేం పని చేస్తావు?

నాకు ఆ ప్రశ్న విలువ పుస్తకంలో తెలియలేదు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక కూలి మనిషిని అత్తగారు వెంటబెట్టుకొచ్చింది. ముప్పయ్యయిదేళ్లుంటాయి. ఊరికే ఏడుస్తోందనీ, పిల్లల్ని కసురుతోందనీ, పొయ్యి ముందు కూర్చుని అన్నం మాడిపోతున్నా చూడదనీ చెప్పింది. దిగులు జబ్బు అన్నాను, మాత్రలు రాశాను. ఎండలు ముదిరేసరికి తేరుకుంది. మళ్లీ వానాకాలం చివర్లో వచ్చింది, మళ్లీ వేసవికి తేరుకుంది. నా మాత్రలు పనిచేస్తున్నాయనుకున్నాను. మూడో ఏడు ఆమె బల్ల మీద కూర్చున్నప్పుడు చీర కొంగు నుంచి మందు వాసన కొట్టింది. అప్పుడడిగాను. పత్తి చేలో ముగ్గురు మగవాళ్లు స్ప్రేయర్లు మోస్తుంటే నీళ్లు తోడి, మందు కలిపి డబ్బాలు నింపడం ఆమె పనట. మోచేతి దాకా చెయ్యి ముంచి కలుపుతుందట. మందు కొట్టేవాళ్లెవరని ఊళ్లో అడిగితే ఆమె పేరు ఎవరూ చెప్పరు. కొట్టేది మగవాళ్లు, కలిపేది ఆడవాళ్లు. పల్చన చేయని చిక్కటి మందు తగిలేది కలిపే చేతికే.

కలిపే పని మాన్పించమని ఆ ఇంటివాళ్లకు చెప్పాను, మాన్పించారు. మరుసటి ఏడు ఆమె రాలేదు. మందే కారణమని ఇవాళ్టికీ నేను రుజువు చెయ్యలేను. ఆ ఏడే ఆమె భర్తకు ఊళ్లో నికరమైన పని దొరికింది, ఇంట్లో పోట్లాటలు తగ్గాయి. కానీ మూడేళ్లు అడక్కపోవడం నా తప్పు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఇక శాస్త్రం సంగతి. ఆర్గానోఫాస్ఫేట్లు అనే పురుగుమందులు, ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే కోలినెస్టరేజ్ ఎంజైమును ఎలా కట్టేస్తాయో నీకు తెలుసు, అది వదిలేస్తున్నా. మీ పాఠంలో కంటిపాప సూదిమొనంత కావడం, చొంగ, విరుగుడుగా అట్రోపిన్, అక్కడితో ఆపేస్తారు. 1961లోనే ఆస్ట్రేలియాలో గెర్షన్, షా అనే ఇద్దరు ఏళ్ల తరబడి ఈ మందుల మధ్య పనిచేసిన 16 మందిలో దిగులు, మతిమరుపు, మనసు చెదరడం చూసి రాశారు. పదహారు మందితో ఏం తేలుతుందని అడిగినవాళ్లున్నారు, న్యాయమైన ప్రశ్నే. 1972లో అమెరికాలో జనోవ్‌స్కీ బృందం మెదడులో ఎసిటైల్‌కోలిన్ పైచేయి అయితే మనసు కుంగుతుందని ప్రతిపాదించింది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన ఆర్గానోఫాస్ఫేటు పడని ఎలుకల్ని ఏరి ఏరి సంతతి పెంచాడు. ఆ ఎలుకలు కుంగిపోయిన మనిషి పోలికలు చూపాయి. ఇవాళ దిగులు మందుల్ని పరీక్షించడానికి వాటినీ వాడుతున్నారు. నాకు వీటన్నిటిలోకీ ఇదే బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది.

మనుషుల్లో పెద్ద లెక్క అమెరికాలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాలది. 1993లో మొదలుపెట్టి 50 వేలకు పైగా మందు కొట్టేవాళ్లనూ, వాళ్ల జీవిత భాగస్వాముల్నీ ఏళ్ల తరబడి గమనించారు. మందు ఒంటికెక్కి జబ్బుపడ్డ చరిత్ర ఉన్న మగవాళ్లలో దిగులు జబ్బు రెండు రెట్లకు పైగా కనిపించింది. ఇది సంబంధమే, కారణం కాదు. గుంపులో కనబడ్డ సంబంధాన్ని నీ ఎదుట కూర్చున్న ఒక్క మనిషికి తీర్పుగా చదవకు.

నీ రోగి విషయమే చూడు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడింది. పూత పోతుంటే రైతులు దొరికిన మందల్లా కలిపి కొట్టారు. అదే ఏడు పంట పోయింది, అప్పు మిగిలింది. ఆ ఏడు నుంచే నీ రోగి కుంగిపోయాడంటున్నావు. విషమూ అప్పూ ఒకే చేను నుంచి ఇంటికొచ్చాయి. ఏ దారాన్ని లాగి ఇది వేరు అంటావు? ఒకటి ఎంచుకోమని నిన్నెవరూ అడగలేదు. రెండూ రాయి.

కోలినెస్టరేజ్ పరీక్ష చేయిస్తానన్నావు. మంచిదే, కానీ ఆ ఒక్క అంకెను నమ్ముకోకు. మనిషికీ మనిషికీ మామూలు విలువలోనే చాలా తేడా ఉంటుంది. కాలిఫోర్నియాలో 1974 నుంచి ఈ మందులు క్రమం తప్పకుండా వాడే పనివాళ్లకు పని మొదలుకాకముందే రక్తం తీసి ఉంచుతున్నారు, తర్వాత ఎంత పడిపోయిందో దానితో పోలుస్తారు. మన కూలీకి అలాంటి తొలి అంకె ఎక్కడుంది? ప్లాస్మా విలువ కొన్ని వారాల్లో కోలుకుంటుంది, ఎర్రకణాలది మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆయన చివరిసారి మందు కొట్టిన తేదీ తెలియకపోతే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

ఇంకొకటి, ఇది మాత్రం మరిచిపోవద్దు. కారణం తేలేదాకా వైద్యం ఆపకు. మాత్రలు, మాట్లాడటం, ఇంటివాళ్ల తోడు ఈ వారమే మొదలుపెట్టు. బతకాలని లేదా అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా పంపకు. ఆయన ఇంట్లో మంచం కింద మందు డబ్బాలుంటాయి, నేను చూడకుండానే చెప్పగలను. అవి ఆ ఇంట్లోంచి కదలాలి. తమ్ముడి ఇంట్లోనో, తాళం వేసిన కొట్టంలోనో పెట్టమని భార్యకు చెప్పు.

గురువారం ఓపీకి ఇద్దర్నీ రమ్మను. రాలేమంటే బస్సు చార్జీ నేను పంపిస్తాను. ఇంట్లో ఉన్న డబ్బాల ఫోటోలు తీసుకురమ్మను. డబ్బా మీది గుర్తులో రంగు ఎరుపో, పసుపో, నీలమో, ఆకుపచ్చో, ఏ మందో, కలిపేది ఎవరో రాసి పంపు. ఆయన భార్య చేతులు కూడా చూడు.

మీ తాతయ్య