పెట్ ఫుడ్‌లో తీగముక్క కనిపిస్తే ఏం చేయాలి?

కుక్కకో పిల్లికో తిండి పెడుతుంటే గిన్నెలో తీగముక్కో, నీలం ప్లాస్టిక్ పెంకో, సంచి కుట్టిన దారం పోగో కనబడుతుంది. చాలామంది దాన్ని ఏరి పారేసి మిగతాది పెట్టేస్తారు. ఇంకొందరు కోపంతో ప్యాకెట్ మొత్తం చెత్తబండిలో వేసి, సాయంత్రం ఫిర్యాదు రాద్దామని కూర్చుంటారు. అప్పటికి చేతిలో ఆధారమేమీ మిగలదు. ఈ పనిని మనం మొదటి నుంచి వరుసగా చేద్దాం. ఎప్పుడూ ఫిర్యాదు రాయనివాళ్లు కూడా చేయగలిగిన పనే ఇది, కాకపోతే వరుస తప్పకూడదు.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లోని దుకాణంలో కొన్న చాక్లెట్‌లో పురుగు కనబడితే నమూనాలు ల్యాబ్‌కి వెళ్లాయి, తినడానికి సురక్షితం కాదని రాష్ట్ర ఆహార ప్రయోగశాల తేల్చింది. అది మనుషుల తిండి కాబట్టి ఆ దారి ఉంది. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ఆహారం అంటే మనుషులు తినేది మాత్రమే, జంతువుల మేత అందులోకి రాదు. అందుకే పెట్ ఫుడ్ గురించి ఆ చట్టాన్ని అమలుచేసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి రాసి ఎదురుచూస్తే రోజులు గడుస్తాయి తప్ప పని కాదు. మనకున్న దారులు కంపెనీ, వినియోగదారుల హెల్ప్‌లైన్, వినియోగదారుల కమిషన్. ఆహార అధికారి మన ఇంటికి వచ్చి నమూనా తీసుకోడు. ఆ పని మనమే చేయాలి, అధికారి చేసినంత జాగ్రత్తగా చేయాలి.

కావాల్సినవి

అన్నీ ఇంట్లో ఉండేవే.

- తిండి వచ్చిన అసలు ప్యాకెట్, డబ్బా లేదా పౌచ్. ఖాళీదైనా సరే
- బిల్లు, లేదా యాప్‌లో ఆర్డర్ వివరాల స్క్రీన్‌షాట్
- తెల్ల ప్లేటు, స్కూలు స్కేలు, 10 రూపాయల బిళ్ల
- కనుబొమలకు వాడే ప్లక్కర్, శుభ్రమైన గ్లోవ్స్
- రెండు మూడు జిప్ కవర్లు, మూత గట్టిగా పట్టే చిన్న గాజు సీసా
- చెరగని మార్కర్, తెల్ల కాగితం, టేపు
- మీ వెటర్నరీ డాక్టర్ నంబరు, రాత్రి తెరిచి ఉండే క్లినిక్ నంబరు ఒకటి

చేసే పద్ధతి: ముందు జంతువు

1. గిన్నె పక్కకు తీసేయండి. మిగిలిన గింజలను పారేయవద్దు, గిన్నెతో సహా ఎత్తైన చోట పెట్టండి. ఇంట్లో రెండో కుక్కో పిల్లో ఉంటే దాన్ని వేరే గదిలో ఉంచుదాం.

2. నోరు చూడండి. చిగుళ్లు తెగాయా, పళ్ల మధ్య ఏదైనా ఇరుక్కుందా, చొంగ కారుతోందా, పంజాతో మూతి గోక్కుంటోందా? ఆ తర్వాత రెండు మూడు రోజులు గమనించాల్సినవి: పదే పదే వాంతులు, తిండి మానేయడం, పొట్ట ముట్టుకుంటే మూలగడం, విరేచనంలో రక్తం లేదా నల్లరంగు. వీటిలో ఏది కనబడినా, పదునైన ముక్క మింగిందని అనుమానం ఉన్నా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

3. ఇక్కడ రెండు పనులు అస్సలు చేయకూడదు. మొదటిది, ఉప్పునీళ్లు పట్టి కక్కించడం. లోపలికి వెళ్లేటప్పుడు గీసుకోని తీగ బయటికి వచ్చేటప్పుడు గొంతు చీల్చవచ్చు, ఉప్పు ఎక్కువైతే అదే విషమవుతుంది. రెండోది, నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే పట్టి లాగడం. దారం లోపల పేగుల పొడవునా పరుచుకుని ఉంటుంది, లాగితే పేగును కోసేస్తుంది. పిల్లులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. వాటి నాలుక మీది ముళ్లు వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి నాలుకకు చిక్కిన దారాన్ని ఉమ్మేయలేక మింగేస్తాయి. పది, పదిహేను కిలోల సంచుల మూతి కుట్టిన దారం తెరిచేటప్పుడు తెగి గింజల్లో పడిపోతూ ఉంటుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

4. డాక్టర్‌కి ఆ వస్తువు ఫోటో చూపించండి. లోహం, ఎముక ఎక్స్‌రేలో కనబడతాయి. ప్లాస్టిక్, దారం చాలాసార్లు కనబడవు, స్కానింగ్ అవసరం కావచ్చు. ప్రైవేటు క్లినిక్ దొరక్కపోతే మన బెంగళూరులో క్వీన్స్ రోడ్డులో ప్రభుత్వ పశువైద్యశాల, హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. వచ్చేముందు కేస్ షీట్ మీద యజమాని ఏం చెప్పారో, డాక్టర్ ఏం చూశారో, ఏ తేదీనో రాయించుకోవాలి. మందుల చీటీ ఒక్కటే ఉంటే తర్వాత దేనికీ అక్కరకు రాదు.

చేసే పద్ధతి: ఆధారం భద్రం చేయడం

5. ముట్టుకోకముందే ఫోటో తీయండి. గిన్నెలో ఉన్నది ఉన్నట్టుగా ఒకటి. తర్వాత గ్లోవ్స్ వేసుకుని ప్లక్కర్‌తో తీసి తెల్ల ప్లేటులో పెట్టి, పక్కన స్కేలు, 10 రూపాయల బిళ్ల ఉంచి ఇంకొకటి. ఆ బిళ్ల అడ్డం 27 మిల్లీమీటర్లు, కంపెనీ మనిషి ఎక్కడున్నా సైజు పోల్చుకోగలడు. కిటికీ వెలుతురులో తీయండి, ఫ్లాష్‌తో లోహం తెల్లగా వెలిగిపోయి ఆకారం తెలియదు. మూడో ఫోటోలో వస్తువు, ప్యాకెట్ మీది బ్యాచ్ నంబరు రెండూ ఒకే ఫ్రేములో ఉండాలి. అన్నిటికంటే గట్టి ఆధారం ఇదే.

6. ఆగకుండా ఒక్క వీడియో తీద్దాం. ప్యాకెట్ ముందు భాగం, వెనక భాగం, మూతి, గిన్నె, వస్తువు, ఈ వరుసలో. తేదీ, సమయం నోటితో చెప్పండి. 2024 జూన్‌లో ఇదే బెంగళూరులో సర్జాపుర రోడ్డు వైపు ఒక జంట తెప్పించుకున్న ఆన్‌లైన్ పార్శిల్‌లో ప్యాకింగ్ టేపుకు అంటుకున్న బతికున్న నాగుపాము వచ్చింది. వాళ్లు అక్కడికక్కడే వీడియో తీశారు. దాన్ని దేశమంతా చూసింది, డబ్బు వాపసు వచ్చింది. మన తీగముక్కను చూసి ఎవరూ అంతగా ఉలిక్కిపడరు కాబట్టి మన వీడియో ఇంకా స్పష్టంగా ఉండాలి.

7. వస్తువును కడగకుండా, తుడవకుండా గాజు సీసాలో వేసి మూత మీదుగా టేపు చుట్టండి. టేపు మీద సంతకం, తేదీ సగం మూత మీద, సగం సీసా మీద పడేలా రాయండి. గిన్నెలో మిగిలిన గింజలు ఒక జిప్ కవర్లో, ప్యాకెట్లో మిగిలినవి ప్యాకెట్లోనే. తడి తిండి అయితే ఫ్రీజర్‌లో పెట్టండి, లేకపోతే రెండు రోజుల్లో బూజుపట్టి అసలు సమస్య మరుగున పడుతుంది.

8. ప్యాకెట్ చదవండి. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీతో పాటు ఫిర్యాదు కోసం ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా ఉండాలి. బ్యాచ్ నంబరు సాధారణంగా మూతి దగ్గరో వెనక అడుగునో చుక్కల అక్షరాల్లో ఉంటుంది, వేలితో రుద్దితే చెరిగిపోతుంది. వెంటనే కాగితం మీద ఎక్కించుకోండి. దుకాణంలో సంచి విప్పి తెల్ల కవర్లో తూచి ఇచ్చిన విడి గింజలైతే ఈ వివరాలేవీ ఉండవు. అప్పుడు మన ఫిర్యాదు దుకాణం మీదే. సంచి ఇంకా అక్కడే ఉంటే వెళ్లి దాని ఫోటో తీసుకోండి.

9. అది నిజంగా బయటి వస్తువేనా చూద్దాం. డబ్బాలో వచ్చే చేపల తిండిలో గాజుపెంకుల్లా మెరిసే పలుకులు కనబడవచ్చు. చేపలో సహజంగా ఉండే మెగ్నీషియం, ఫాస్ఫేట్, అమ్మోనియా కలిసి గట్టిపడితే ఏర్పడే స్ట్రువైట్ అది. పలుకులు ఒకటి కంటే ఎక్కువ ఉంటేనే ఈ పరీక్ష చేయండి: ఒక్కదాన్ని చిన్న గిన్నెలో వేసి గోరువెచ్చని వెనిగర్ గానీ నిమ్మరసం గానీ పోసి కొన్ని నిమిషాలు వదలండి. అంచులు మొద్దుబారి కరగడం మొదలైతే స్ట్రువైట్. గాజు అయితే మొదట ఉన్నంత పదునుగానే ఉంటుంది. మాడిన నల్ల గింజలు, పౌచ్‌లో తెల్లగా పేరిన కొవ్వు, ఇసుక రవ్వంత ఎముక పలుకులు తయారీలో మామూలే. ట్రీట్స్ ప్యాకెట్లో వచ్చే చిన్న పొట్లం కూడా కంపెనీ కావాలని పెట్టిందే, కానీ కుక్క దాన్ని నమిలితే డాక్టర్‌కి చూపించాలి. ఆక్సిజన్ పీల్చే రకం పొట్లంలో ఇనుప పొడి ఉంటుంది.

పురుగుల విషయం కొంచెం వేరు. డ్రై ఫుడ్ గింజలను గట్టి వేడిలో ఉడికించి తయారుచేస్తారు, ఆ వేడికి ఏ పురుగూ బతకదు. కాబట్టి బతికున్న పెంకుపురుగులు, సాలెగూడు లాంటి పోగులు కనబడితే అవి తర్వాత ఎక్కడో చేరినవి. గోదాములోనా, దుకాణంలోనా, మన ఇంట్లోనా అన్నదే గొడవ. మీ ఇంట్లోనే చేరాయని కంపెనీ అనడం ఖాయం. ప్యాకెట్ ఎప్పుడు తెరిచారో రాసుకోండి, బయట సూదిమొనంత రంధ్రాలుంటే వెలుతురుకు ఎదురుగా పట్టి ఫోటో తీయండి.

చేసే పద్ధతి: ఫిర్యాదు

10. ఫోన్ చేయవచ్చు, కానీ ఈమెయిల్ తప్పనిసరి. ఫోన్‌లో మాట్లాడితే ఫిర్యాదు నంబరు అడిగి, ఆ నంబరుతోనే ఈమెయిల్ రాయండి. తిట్లు వద్దు, ఊహలు వద్దు. ఇలా ఉంటే చాలు:

"నేను ఫలానా తేదీన ఫలానా దుకాణంలో మీ ఉత్పత్తి కొన్నాను. బ్యాచ్ నంబరు ఇది, తయారైన నెల ఇది. ప్యాకెట్ తెరిచింది ఈ రోజు. ఈ రోజు ఉదయం తిండిలో సుమారు 18 మిల్లీమీటర్ల లోహపు తీగ కనిపించింది. ఫోటోలు, వీడియో, బిల్లు, డాక్టర్ రిపోర్టు జతచేశాను. వస్తువు, మిగిలిన తిండి సీలు వేసి నా దగ్గర ఉన్నాయి. నాకు కావాల్సినవి: ఈ బ్యాచ్ మీద విచారణ జరిపి రాతపూర్వక నివేదిక, ప్యాకెట్ ధర, చికిత్స ఖర్చు. 15 రోజుల్లో జవాబు ఇవ్వగలరు."

ఇంగ్లిష్‌లో పంపేటప్పుడు కూడా ఇదే వరుస, ఇంతే పొడవు. ఆన్‌లైన్‌లో కొన్నదైతే అమ్మిన వేదికకూ అదే రోజు పంపండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్ల ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

11. కంపెనీ మనిషి నమూనా కోసం వస్తే మొత్తం ఇచ్చేయవద్దు. గింజల్లో సగం ఇచ్చి సగం ఉంచుకోండి. తీగముక్క ఒక్కటే కాబట్టి దాన్ని ఇంట్లోనే చూసి ఫోటోలు తీసుకోమని చెప్పవచ్చు. ఇవ్వక తప్పదనుకుంటే ఏ వస్తువు, ఏ కొలత, ఎవరు, ఏ తేదీన తీసుకున్నారో రాసి సంతకం పెట్టించుకోవాలి.

12. జవాబు రాకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, మన ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. చాలా గొడవలు ఇక్కడే తెగిపోతాయి. ప్యాకెట్ మీద చిరునామా, ఫిర్యాదు నంబరు లేకపోతే మాత్రం అది కర్ణాటక తూనికలు, కొలతల శాఖకు చెప్పాల్సిన విషయం.

13. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే వేయవచ్చు. గడువు సంఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లు. అవసరమైతే కమిషనే నమూనాకు సీలు వేసి ల్యాబ్‌కి పంపిస్తుంది, నివేదిక 45 రోజుల్లో రావాలని చట్టంలో ఉంది. మనం గింజల్లో సగం దాచుకున్నది దీనికోసమే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ప్యాకెట్ తేగానే గింజలన్నీ డబ్బాలో పోసి కవర్ పారేయడం అన్నిటికంటే పెద్దది. బ్యాచ్ నంబరు దాంతోపాటే పోతుంది. పాత గింజల మీద కొత్తవి పోస్తే వస్తువు ఏ ప్యాకెట్లోదో మనమే చెప్పలేం. గింజలను ప్యాకెట్‌తో సహా డబ్బాలో దించండి.

కంపెనీ రెండు ఉచిత ప్యాకెట్లు పంపి, ఇక ఏ ఫిర్యాదూ లేదన్న కాగితం మీద సంతకం అడగవచ్చు. విచారణ నివేదిక చేతికి రాకముందు అది పెట్టవద్దు. ప్యాకెట్లు తీసుకున్నా ఫరవాలేదు, సంతకమే ముఖ్యం.

అపార్ట్‌మెంట్ గ్రూపులో "ఈ కంపెనీ కుక్కలను చంపుతోంది" అని పెట్టడం ఇంకొకటి. ఉత్పత్తి పేరు, బ్యాచ్ నంబరు, కనిపించిన వస్తువు ఫోటో, తేదీ, ఈ నాలుగే పెట్టండి. పక్క ఫ్లాటువాళ్లు తమ సంచి చూసుకోవడానికి అవి చాలు. అదే బ్యాచ్‌లో ఇంకొకరికీ దొరికితే ఇద్దరి ఫిర్యాదులూ బలపడతాయి.

కుక్క బాగానే ఉంది కదా అని వదిలేయడం చివరిది. 2007లో కెనడాకు చెందిన మెనూ ఫుడ్స్ కంపెనీకి పిల్లులు, కుక్కలు జబ్బుపడుతున్నాయని యజమానుల నుంచి ఫిర్యాదులు రావడం మొదలైంది. సొంత పరీక్షల్లోనూ జంతువులు చనిపోయాక, ఆ మార్చి 16న కంపెనీ 6 కోట్లకు పైగా ప్యాకెట్లను వెనక్కి పిలిపించింది. గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిసిందని తర్వాత తేలింది. మొదట ఫోన్ చేసినవాళ్లకు అంత సంగతి తెలియదు, తమ ఇంట్లో చూసింది మాత్రమే చెప్పారు. మన దగ్గర పెట్ ఫుడ్ మీద ఆహార శాఖ కన్ను లేదు కాబట్టి, మీ కుక్కకు ఏమీ కాకపోయినా పదో మెట్టులోని ఈమెయిల్ ఈరోజే పంపండి. చికిత్స ఖర్చు అన్న మాట తీసేస్తే సరిపోతుంది.