పొలమునకు సున్నము: ఎవరికి, ఎప్పుడు, ఎంత?

రాబోవు తొలకరికి సంఘము తరఫున ఒక లారీ సున్నము తెప్పించి, యూరియా బస్తాలవలెనే సభ్యులందఱకును వాటాల చొప్పున పంచిన బాగుండునని కొందఱు రైతులు మమ్మడిగిరి. పులుపెక్కిన నేలలకు సున్నము మేలు చేయునని వారు వినియున్నారు. విన్నమాట నిజమే, కాని యీ పంపకము మాకు సమ్మతము కాదు. సున్నము పైరునకు ఆహారము కాదు, నేలకు మందు. మందును వాటాలు వేసి పంచుకొనువారెవ్వరు? గట్టునకు ఈవలి చేనికి ప్రాణము పోయు సున్నమే ఆవలి చేనిని చెఱుపవచ్చును. కావున ముందుగా ఎవరి నేల యెట్టిదో తెలిసికొని, పిమ్మట కొనుగోలు మాట తలపెట్టవలెను.

నేలకు పులుపు, అనగా ఆమ్లగుణము, ఎట్లు వచ్చును? వానలు హెచ్చుగా కురియు చోట్ల, నీరు మంటిలోని సున్నపు పాలును కరగించి క్రిందికి కొనిపోవును. ఏజెన్సీ కొండవాలులలోను, ఉత్తర కోస్తాలోని ఎఱ్ఱని గరువు నేలలు కొన్నిటిలోను, జహీరాబాదు ప్రాంతపు జేగురు నేలలలోను ఇట్టి గుణము కానవచ్చును. పైరు కోసి యింటికి తెచ్చినప్పుడెల్ల కొంత సున్నము దానితో పోవును. అమ్మోనియం సల్ఫేటు, యూరియా మొదలగు నత్రజని ఎఱువులను పశువుల ఎఱువు తోడు లేక ఏటేట వేయుటచేతను పులుపు పెరుగును. ఇంగ్లండులోని వోబర్న్ క్షేత్రమున 1876లో ఆరంభమైన పరీక్షలలో, అమ్మోనియా లవణములు మాత్రమే ఏండ్ల తరబడి వేసిన మళ్ళలో నేల పులిసి బార్లీ పైరు నశించెను. సున్నము వేసిన భాగమున మరల పండెను. ఆ పరీక్షలను నడిపిన వోల్కరు పండితుడే మన దేశపు సేద్యమును పరిశీలించుటకై 1889లో వచ్చి, 1893లో తన నివేదికను ప్రకటించెను.

పులుపు మితిమీఱిన నేలలో అల్యూమినియము కరగి వేళ్ళ కొనలను కాల్చివేయును. వేళ్ళు పొట్టివై, లావై, లోతునకు దిగవు. పది దినములు వాన లేకున్న పైరు వాడిపోవును. రైతు దీనిని వానల లోపమనుకొనును. వేసిన సూపరు ఫాస్ఫేటులోని భాస్వరము ఇనుముతోను అల్యూమినియముతోను బిగిసిపోయి పైరునకు అందదు. డబ్బు మట్టిలోనే నిలిచిపోవును. కంది, మినుము, వేరుసెనగ పైరుల వేళ్ళపై బుడిపెలు సరిగా కట్టవు. పూతకు ముందు ఒక కంది మొక్కను పెకలింపక, చుట్టును త్రవ్వి మెల్లగా తీసి చూడుడు. మంచి బుడిపెను గోటితో చీల్చిన లోపల గులాబిరంగు కనబడును. బుడిపెలు లేకపోయినను, లోపల తెల్లగా నున్నను నేలను శంకింపవచ్చును. అయితే ఇది శంకయే గాని నిర్ణయము కాదు.

నిర్ణయము మట్టి పరీక్షవలననే కావలెను. 2015లో ఆరంభమైన పథకము క్రింద ఇచ్చిన భూసార పత్రము మీ యింట నున్నచో తీసి చూడుడు. అందు పి.హెచ్. అని వ్రాసిన అంకె 7 అయిన నేల సమగుణము కలది; తగ్గినకొలది పులుపు, పెరిగినకొలది క్షారము. 6కు పైనున్న సామాన్యముగా సున్నముతో పనిలేదు. 5.5కు తగ్గిన సున్నము వలన ఫలము కనబడును. 5కు తగ్గినచో పప్పుధాన్యములు వేయుటకు పూర్వమే ఆలోచింపవలెను. ఇంటిలో చేయదగిన చిన్న పరీక్ష యొకటి కలదు. పొడిమట్టిపై నిమ్మరసము పిండగా బుసబుసమని నురుగు వచ్చిన, ఆ నేలలో సున్నము ఇదివరకే యున్నది. మరల వేయుట వృథా. నురుగు రానంతమాత్రమున నేల పులిసినదని మాత్రము తలంపరాదు.

సున్నము వేయరాని చోట్లను గూర్చి కొంత గట్టిగా చెప్పవలసియున్నది. ఏలయనగా నష్టమంతయు ఇక్కడనే జరుగుచున్నది. వేసవిలో తెల్లని పొర తేలు చౌడు నేలకు సున్నము వేసిన బాగుపడునని ఒక నమ్మకము వ్యాపించియున్నది. ఇది తప్పు. కారు చౌడునకు మూలము సోడియము. దానిని తొలగించుటకు జిప్సము వేసి, నీరు కట్టి, మురుగు తీయవలెను. అట్టి క్షారపు నేలలో సున్నపురాయి కరుగనే కరుగదు. కాల్చిన సున్నము వేసిన క్షారము మఱింత పెరుగును. జిప్సమును సున్నమును రెండును తెల్లని పొడులే గనుక అంగడిలో ఒకదానికి మఱొకటి అంటగట్టబడుటయు కలదు. బస్తాపై నున్న పేరు చదివించుకొని కొనుడు. సున్నపు గుళ్ళు కనబడు నల్లరేగడికి సున్నము అక్కఱలేదు. వరి మడికిని తఱచుగా అక్కఱలేదు. నీరు నిలిచిన కొన్ని వారములలో పుల్లనేల తనంతట తానే సమగుణమునకు చేరుచుండును. పల్లపు భూమి గల సభ్యులు ఈ కారణముచేతనే తమ వాటా కోరకుండుట మంచిది. అనాస పులుపునే కోరును. బంగాళాదుంప వేయబోవు సాలున సున్నము వేసిన దుంపకు గజ్జి హెచ్చును.

ఇక సున్నములలో రకములు. సున్నపురాయిని కాల్చక దంచిన పొడి మెల్లగా పనిచేయును, హాని చేయదు. పొలమునకు ఇదియే తగినది. కాల్చినది రాతిసున్నము, దానికి నీరు చల్లి పొడిచేసినది తడిసున్నము. గుల్లలు కాల్చిన సున్నమును ఈ జాతిదే. 100 కిలోల మంచి రాతిపొడి చేయు పనిని 74 కిలోల తడిసున్నము గాని, 56 కిలోల రాతిసున్నము గాని చేయును. ధర పోల్చునప్పుడు ఈ లెక్క మఱువరాదు. పొడి పిండివలె మెత్తగా నుండవలెను. జొన్నగింజలంత పలుకులున్నచో అవి ఏండ్ల తరబడి రాళ్ళుగానే పడియుండును. వానికిచ్చిన సొమ్ము రాళ్ళకిచ్చినట్లే.

ఎంత వేయవలెననుటకు ఒకే జవాబు లేదు. ఒకే పి.హెచ్. గల రెండు నేలలలో ఇసుకపాలు హెచ్చైనదానికి తక్కువయు, బంకపాలు హెచ్చైనదానికి ఎక్కువయు కావలెను. నేలనంతను దిద్దవలెనన్న కొన్ని చోట్ల ఎకరమునకు ఒక టన్ను, అంతకు మించియు పట్టును. ఈ వ్యయము చిన్నరైతునకు మోయరానిది. అందువలన మఱొక పద్ధతి యేర్పడినది. విత్తునప్పుడు ఎకరమునకు 80 మొదలు 160 కిలోల వఱకు మెత్తని రాతిపొడిని చాళ్ళలో రాల్చి, మట్టితో కలిపి, పిమ్మట విత్తుదురు. లేతవేళ్ళు తిరుగు చోట మాత్రము నేల బాగుపడును. దీనిని ఏటేట చేయవలెను. మొత్తము పొలమునకు జల్లినదైనచో మూడు నాలుగేండ్ల తరువాత మట్టి పరీక్షింపించి చూచిన చాలును. అప్పు చేయకుండ నడచు పద్ధతి గనుక మేము చాళ్ళ పద్ధతినే ముందు చెప్పుదుము. కాల్చిన సున్నమును మాత్రము చాళ్ళలో వేయరాదు, మొలక మాడును.

పొలమంతయు జల్లువారు రోహిణి కార్తెకు ముందు పడు వేసవి వానకు దున్ని, గాలి లేని ప్రొద్దుటివేళ, సగము నిలువున, సగము అడ్డముగా జల్లి, వెంటనే గుంటక తోలి ఆఱంగుళముల లోతు వఱకు కలుపవలెను. పైన వదలిన సున్నము పైననే యుండును. జల్లుటకును విత్తుటకును నడుమ రాతిపొడికి నెల, తడిసున్నమునకు కనీసము మూడు వారములు ఉండవలెను. రాతిసున్నమును చేతితో ముట్టరాదు. చెమట తగిలినచోట కాల్చును. కంటిలో పడిన వెంటనే చాలసేపు మంచినీటితో కడిగి వైద్యుని యొద్దకు పోవలెను. నీరు చల్లునప్పుడు అది ఉడుకును, చిందును. పిల్లలను దాపునకు రానీయకుడు.

సున్నమును పశువుల ఎఱువుతో గాని, అమ్మోనియం సల్ఫేటు, యూరియాలతో గాని ఒకేసారి కలిపి వేసిన నత్రజని ఆవిరియై పోవును. ముక్కునకు ఘాటు తగిలిన మీ డబ్బు ఎగిరిపోవుచున్నదని తెలియుడు. సున్నము ముందు, ఎఱువు తరువాత. సున్నము వేసితిమి గదా యని ఎఱువు మానుకొనుటయు కూడదు. సున్నము తండ్రిని ధనికుని, కొడుకును దరిద్రుని చేయునని ఇంగ్లండు రైతులు చెప్పుకొనుట దీనిని గుఱించియే. మితిమీఱిన ఇనుము, జింకు పైరునకు అందక ఆకులు పాలిపోవును. వేరుసెనగకు ఊడలు దిగు వేళ వేయు జిప్సము, ఎకరమునకు 200 కిలోలు, వేఱు సంగతి. అది కాయకు సున్నపు సత్తువ నిచ్చునే గాని నేల పులుపును తీయదు.

కాబట్టి మా సూచన యిది. మెట్టభూమి గల సభ్యులు పంట తీసిన వెంటనే మట్టి తీయవలెను. గట్లు, చెట్ల నీడ, ఎఱువు కుప్పలున్న తావులు విడిచి, ఒక్కొక్క చేనిలో పది చోట్ల ఆఱంగుళముల లోతున మన్ను తీసి, కలిపి, నీడను ఆరబెట్టి, అరకిలో గుడ్డసంచిలో కట్టవలెను. యూరియా సంచిలో కట్టరాదు. సంచిలో చీటీ నుంచి దానిపై రైతు పేరు, సర్వే నెంబరు, గత పైరు, రాబోవు పైరు వ్రాయవలెను. పరీక్ష ఫలితములు వచ్చిన పిమ్మట, సున్నము కావలసిన సభ్యుల జాబితా మాత్రమే కార్యదర్శి సిద్ధపఱచి, ఆ మేరకే సరకు తెప్పించును.