మోటారుకారు నీళ్ల పంపు: చప్పుడునుబట్టి దోషమును గుర్తించుట

మోటారుకారు ముందుభాగమునుండి క్రొత్తగా ఏదేని చప్పుడు వినవచ్చినచో, "నీళ్ల పంపు పోయినది, మార్చవలయును" అని వెంటనే చెప్పువారు పెక్కుమంది కలరు. వారి మాట కొన్నివేళల నిజమగును. కొన్నివేళల పంపు మార్చి, సొమ్ము చెల్లించి, బండిని ఇంటికి తెచ్చుకొనిన మరునాడే ఆ చప్పుడు మరల వినబడును. దోషము పంపునందుగాక దాని ప్రక్కనున్న వేరొక భాగమునం దుండుటయే ఇందులకు కారణము. చప్పుడు దోషమున్నదని తెలుపునేగాని, అది ఎచ్చటనున్నదో తనంతట తాను చెప్పదు. వరుసగా పరీక్షించి మనమే దానిని కనుగొనవలయును. ఆ క్రమమును మా విద్యార్థులకును, కార్లుగల తలిదండ్రులకును తెలియజేయుటకే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. పంపు చేయు పని

ఇంజనులో పెట్రోలు కాలునపుడు పుట్టిన వేడిలో కొంతభాగమే చక్రములను త్రిప్పుటకు వినియోగపడును. మిగిలినదానిలో చాలభాగము పొగతోను, ఇంజను చుట్టును తిరుగు నీటితోను వెలుపలికి పోవలయును. ఆ నీటిని త్రిప్పునదే నీళ్ల పంపు. సిలిండర్ల చుట్టు వేడెక్కిన నీరు రేడియేటరులోనికి పోయి, అచ్చట గాలికి చల్లబడి, పంపుద్వారా మరల ఇంజనును చేరును.

ఉదాహరణమునకు, 2014వ సంవత్సరమున నిర్మాణము నిలిచిపోయిన ఆంబాసిడరు కారును తీసికొందము. దాని పాత 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో పంపు ముందువైపున బిగింపబడి యుండును. ఒకే బెల్టు పంపు కప్పీని, డైనమో కప్పీని కలిపి త్రిప్పును. పంపు ఇరుసునకు వెలుపలి కొనయందు కప్పీయు ఫ్యానును, లోపలి కొనయందు నీటిని నెట్టు రెక్కల చక్రమును ఉండును. నడుమ ఇరుసును మోయుటకు బేరింగు కలదు. బేరింగునకును నీటికిని మధ్య సీలు అడ్డుగా నుండును.

2. చప్పుడు పుట్టు విధము

బేరింగు లోపల గ్రీజు ఉన్నంతకాలము ఇరుసు నిశ్శబ్దముగా తిరుగును. సీలు అరిగినచో నీరు కొంచెము కొంచెముగా బయటికి వచ్చును. ఆ నీరు బేరింగులోనికి పోకుండ క్రిందికి కారిపోవలెనని పంపు అడుగున ఒక చిన్న రంధ్రము వదలుదురు. దానిచుట్టు స్వల్పమైన మరక యుండిన భయములేదు. చుక్కలు విడువక పడుచుండిన సీలు చెడినదని గ్రహింపవలయును. కొందరు ఆ రంధ్రమును దేనితోనైన మూసి, కారుట నిలిచినదని సంతసింతురు. ఇది గొప్ప పొరపాటు. దారిలేని నీరు బేరింగులోనికే పోయి, గ్రీజును కడిగివేసి, ఉక్కు గుండ్లను త్రుప్పు పట్టించును. అప్పుడు గరగరమను ధ్వని బయలుదేరును.

బెల్టును మితిమీరి బిగించుటయు బేరింగునకు చేటు. పొడవైన భాగము నడుమ వ్రేలితో నొక్కినపుడు సుమారు అర అంగుళము లొంగునట్లు ఆంబాసిడరు బెల్టుండవలయును. రేడియేటరులో తగినంత నీరు లేనిచో గాలిచేరి గుడగుడమను ధ్వనియు కలుగవచ్చును. ఆ ధ్వనికి బేరింగు కారణము కాదు.

3. పరీక్షించు క్రమము

మొదట జాగ్రత్తలు. వేడిగానున్న రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. మూత లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచును. ఒత్తిడి ఒక వాతావరణపు ఒత్తిడియంత అధికమైనచో నీరు 100 డిగ్రీలకుగాక సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడునకు గాని మరుగదు. మూత తీయగానే ఒత్తిడి పోయి నీరు ఒక్కుమ్మడిగా ఆవిరియై ముఖముపైకి చిమ్మును. ఉత్తరీయము, పైటకొంగు, జడ, చొక్కాచేయి మొదలగునవి తిరుగు భాగముల దరికి పోరాదు. ఇప్పటి కార్లలోని విద్యుత్ ఫ్యాను ఇంజను ఆపిన పిమ్మటకూడ తనంతట తాను తిరుగవచ్చును. పిల్లలు పెద్దలు దగ్గరలేక ఈ పరీక్షలు చేయరాదు.

మొదటి పరీక్ష కంటితో. చల్లారిన ఇంజనునందు నీటి మట్టమును, పంపు రంధ్రము క్రింది మరకను, బెల్టు పగుళ్లను చూడవలయును.

రెండవది చెవితో. ఇంజను నడచుచుండగా కీచుమను ధ్వని వినబడినచో ముందు బెల్టును అనుమానింపవలయును. దూరముగా నిలిచి బెల్టుపై కొన్ని నీటిచుక్కలు చల్లగానే ధ్వని మారినయెడల దోషము బెల్టునందో దాని బిగింపునందో కలదు. ఎయిర్ కండిషనరు గల కార్లలో దానిని ఆపగానే చప్పుడు ఆగినచో దాని కంప్రెసరును పరీక్షింపవలయును.

మూడవది కడ్డీతో. పొడవైన స్క్రూడ్రైవరు కొనను పంపుయొక్క కదలని భాగముపై నానించి, పిడిని చెవియొద్ద నుంచి వినవలయును. పిమ్మట డైనమోపై నట్లే వినవలయును. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు, ఉక్కులో సుమారు 5,000 మీటర్లు పోవును. కడ్డీద్వారా వచ్చు ధ్వని చుట్టుప్రక్కల చెదరక చెవిని చేరును. 1816వ సంవత్సరమున పారిసు వైద్యుడైన లెన్నెకు కాగితమును గొట్టముగా చుట్టి రోగి గుండె చప్పుడును విన్నది ఇట్టి ఉపాయముచేతనే. డాక్టరుగారి స్టెతస్కోపు అట్లు పుట్టినదే.

నాల్గవది చేతితో. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, బెల్టును విప్పవలయును. చల్లని ఇంజనును బెల్టు లేకుండ ఒక్క నిమిషమునకు మించకుండ నడపిన, చప్పుడు నిలిచినచో దోషము బెల్టు త్రిప్పు భాగములలో కలదు. నిలువనిచో ఇంజను లోపల కలదు. మరల ఆపి, పంపు కప్పీని చేతితో త్రిప్పి చూడవలయును. ఇసుక రాపిడివలె తగిలినను, ఫ్యాను రెక్కలను రెండువైపుల పట్టి ముందువెనుకలకు ఊపినపుడు ఇరుసు ఆడినను, పంపే దోషియని నిశ్చయింపవచ్చును. అటుపిమ్మట డైనమో కప్పీనికూడ త్రిప్పి పోల్చి చూడవలయును.

పంపును వాల్వుల బెల్టుచే త్రిప్పు కార్లును కొన్ని కలవు. వానియందు ఆ బెల్టును విప్పరాదు. కడ్డీతో విని, మరకలు చూచి, మెకానిక్కునకు అప్పగింపవలయును.

4. ఆలస్యముచేయుటవలని నష్టము

దోషము పంపుదేయని తేలినచో ఆలసింపరాదు. అరిగిన బేరింగు ఒకనాడు విరిగిపోవును. ఇరుసు ఊగి ఫ్యాను రేడియేటరును చీల్చవచ్చును. బెల్టు జారి పడవచ్చును. ఎండకాలమున ప్రయాణికులతో ఘాటురోడ్డు నెక్కుచున్న టాక్సీకి ఇట్లు జరిగినదనుకొందము. నీరు తిరుగుట మానును. కొలది నిమిషములలో ఉష్ణమాపకపు ముల్లు పైకి లేచును. అప్పటికిని ఆపనిచో సిలిండరు హెడ్డు వంకరపోయి గాస్కెట్టు కాలును. ఒక పంపు వెలతో పోవలసిన ఖర్చు ఇంజను మరమ్మతుగా మారును. అన్ని దినములు బండి షెడ్డులో నుండగా ఆ కుటుంబమునకు రాబడియు నుండదు. వాల్వుల బెల్టు త్రిప్పు పంపు బిగుసుకొనినచో బెల్టు తెగి, కొన్ని ఇంజన్లలో పిస్టన్లు వాల్వులకు కొట్టుకొని వానిని వంచును. కాబట్టియే ఆ బెల్టును మార్చునపుడు పంపునుకూడ మార్చుట మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు.

చూచుట, వినుట, ఒక్కొక్కదానిని వేరుచేసి పరీక్షించుట, పిమ్మటనే నిశ్చయించుట: సైన్సు ప్రయోగశాలలో మేము నేర్పు పద్ధతియు నిదియే. పరీక్షకు ముందే తీర్పు చెప్పినవాడు మంచి భాగమును పారవేయును. తీర్పు తేలినను కదలనివాడు ఇంజనును పోగొట్టుకొనును.

ప్రశ్నలు

1. పంపు అడుగునగల చిన్న రంధ్రమును మూయుటవలన బేరింగునకేమి కీడు కలుగును?
2. బెల్టు విప్పిన పిమ్మటను చప్పుడు నిలువనిచో దోషము ఎచ్చట నున్నదని తలంపవలయును?
3. మూతగల రేడియేటరులో నీరు 100 డిగ్రీలకు మరుగకుండుటకు కారణమేమి?