మీరెవరి తాలూకండీ?

పెళ్లికి వెళ్తే నాకు వెనక వరసలో, గోడవారన, ఫ్యాను కింద కుర్చీ కావాలి. అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, రెండో బంతిలో భోంచేసి, ఎవరి కంటా పడకుండా బయటపడటం ముప్ఫై ఏళ్లు సాధన చేసి నేర్చిన విద్య. పక్కన తెలియనాయనెవరైనా కూర్చుంటే వెంటనే ఫోను తీసేవాణ్ని. ఫోన్లు లేని రోజుల్లో శుభలేఖ విప్పి, ముహూర్తం మొదలుకుని అచ్చేసిన ప్రెస్సు పేరు దాకా చదివేవాణ్ని. "ఆయన కాస్త మితభాషి లెండి" అని మా ఆవిడ సర్దిచెప్పేది. మితభాషి అన్నది మర్యాద కోసం పెట్టిన పేరు. అసలు సంగతి బెరుకు.

అలాంటివాణ్ని, అరవై దాటాక, మోకాలి దాకా బిగుతు లాగు, తెల్ల మేజోళ్లు, వెనక రెండు తోకల నల్లకోటు తొడుక్కుని, ఇంగ్లండులోని బాత్ నగరంలో వందమందికి పైగా జనం మధ్య డ్యాన్సు చేసొచ్చాను. ఫొటోలు ఉన్నాయి. ఎవరికీ చూపించను.

మా అమ్మాయి బ్రిస్టల్లో ఉంటుంది. అక్కణ్నుంచి బాత్‌కి రైల్లో పావుగంట. నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ 1801 నుంచి 1806 దాకా ఆ ఊళ్లో కాపురం ఉంది. ఆమె పేరు మీద ఏటా సెప్టెంబరులో అక్కడ ఉత్సవం జరుగుతుంది. జనం రెండు వందల ఏళ్ల నాటి బట్టలు వేసుకుని వీధుల్లో ఊరేగుతారు, సాయంత్రాలు ఆ కాలపు డ్యాన్సులు ఆడతారు. అమ్మాయితో వెళ్లాల్సిన స్నేహితురాలికి జ్వరం వచ్చింది. టికెట్టు మిగిలింది.

"నాన్నా, నువ్వు రా."

"ఓ మూల కూర్చుని చూస్తానంటే వస్తా."

"చూసేవాళ్లెవరూ ఉండరు అక్కడ. అందరూ ఆడేవాళ్లే. వేషం లేకపోతే గుమ్మం దాటనివ్వరు."

కోటు అద్దెకు దొరికింది. లోపలి వెయిస్ట్‌కోటు మాత్రం, అమ్మాయికి గౌను కుట్టినావిడే నాకూ సరిచేసి పెట్టింది. డెబ్బై ఏళ్ల మనిషి. నోట్లో వరసగా గుండుసూదులు పట్టుకుని, నా చంక కింద బట్ట లాగి చూస్తూ, అస్తరుకి మాడపోలం వేశానంది. నేను ఉలిక్కిపడ్డాను. మాడపోలం అంటే సన్నటి, ఒత్తుగా నేసిన నూలుగుడ్డ. అది మా నర్సాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరే. ఈస్టిండియా కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలూ యంత్రాలూ కాదు, గోదావరి నేతగాళ్ల దగ్గర బట్ట సేకరించి ఓడలెక్కించే స్థావరం. ఊరి పేరు ఆ దొరల నోట్లో నలిగి గుడ్డ పేరైంది. వచ్చీరాని ధైర్యంతో ఈ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ నోట్లో సూదులన్నీ తీసి అరచేతిలో పెట్టుకుని మరీ వింది. "నలభై ఏళ్లుగా కత్తిరిస్తున్నాను, ఇదొక ఊరని నాకు తెలియదు" అంది. తెలియని మనిషితో నా అంతట నేను మొదలుపెట్టి పది నిమిషాలు మాట్లాడటం జీవితంలో అదే మొదటిసారేమో.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకే బాగోదు. ఆ కాలపు హాళ్లలో నాబోటివాడు అడుగుపెడితే చేతిలో ట్రే పట్టుకునే పెట్టి ఉండేవాడు. ఆ కొవ్వొత్తుల వెలుగు వెనక మన నేతగాళ్ల కష్టం ఉంది, చెరకు తోటల్లో బానిసల చెమట ఉంది. కనుక "అబ్బ, ఆ రోజులే వేరు" అని నిట్టూర్చే జబ్బు నాకు లేదు. నేను చెప్పబోయేది ఆ రోజుల గొప్ప గురించి కాదు, ఆ డ్యాన్సు కట్టుబాటు గురించి.

మధ్యాహ్నమే వచ్చి నేర్చుకోవాలి. ఆడవాళ్లొక వరస, మగవాళ్లొక వరస, ఎదురెదురుగా. రెండేసి జంటలు కలిసి ఒక ఆవృత్తం ఆడతాయి. చేతులు పట్టుకుని చుట్టూ తిరగడం, భుజం పక్కగా దాటడం, బయటి నుంచి చుట్టి రావడం. ఆవృత్తం పూర్తయ్యేసరికి ఒక జంట వరసలో ఒక మెట్టు కిందికి దిగుతుంది, రెండోది ఒక మెట్టు పైకెక్కుతుంది. మళ్లీ అవే అడుగులు, కాకపోతే కొత్త జంటతో. అలా పాట ముగిసేలోపు వరసలోని దాదాపు ప్రతి మనిషి చెయ్యీ మీ చేతిలోకి వచ్చి వెళ్తుంది. మన కోలాటం గుర్తొచ్చింది. మా ఊళ్లో శ్రీరామనవమికి కుర్రాళ్లు కోలాటం వేస్తుంటే నేను పెట్రోమాక్స్ లైటు పట్టుకుని నిలబడేవాణ్ని. లైటు పట్టుకున్నవాణ్ని ఆడమని ఎవరూ అడగరు కదా.

ఇక్కడ పట్టుకోవడానికి లైటు లేదు. నా లాగుకి ఫోను పట్టే జేబు కూడా లేదు, అది అమ్మాయి చేతిసంచిలోకి పోయింది. మెడకి నాలుగు చుట్లు చుట్టిన గంజిగుడ్డ గడ్డాన్ని పైకే ఎత్తిపెడుతోంది. తల దించుకుని పాదాలు చూసుకుందామన్నా కుదరదు. తీరా ఏ మనిషి ముందుకొచ్చినా కళ్లలోకి చూడక తప్పదు. బెరుకున్న మనిషికి ఉన్న దారులన్నీ ఆ వేషం మూసేసింది.

మూడో ఆవృత్తంలో తప్పాను. అందరూ ఎడమకి తిరిగితే నేను కుడికి తిరిగి, ఒక పెద్దాయన వెండిబొత్తాల ఛాతీకి డీకొన్నాను. సారీలు చెబుతూ నా పాత చోటు వెతుక్కుంటూ వెనక్కి నడిచాను. దాంతో నాలుగు జంటలు చెదిరాయి. అడుగులు అరిచి చెప్పే ఆవిడ సంగీతం ఆపించి నవ్వింది. తప్పిన అడుగు వెతుక్కుంటూ వెనక్కెళ్లొద్దు, అది అయిపోయింది, తర్వాతి అడుగులో మీ చెయ్యి ఎక్కడుండాలో అక్కడికి వెళ్లి నిలబడండి, మిగతావాళ్లు మిమ్మల్ని లాక్కుంటారు అంది. నిజంగానే లాక్కున్నారు. ఆ తర్వాత కనీసం ఆరుసార్లు తప్పాను. ఒక్కసారీ వరస చెదరలేదు. నేను తప్పినందువల్ల కాదు, దానికి క్షమాపణ చెప్పుకుంటూ కూర్చున్నందువల్లే మొదటిసారి ఆట చెడింది. ఆఫీసు మీటింగుల్లో ఒక మాట తడబడి, దాన్ని సర్దుకోవడంలో మరో పది మాటలు తడబడ్డ రోజులు నాకు చాలా ఉన్నాయి.

1813లో వచ్చిన ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చదివినవాళ్లకు డార్సీ తెలిసే ఉంటాడు. డబ్బు, చదువు, అందం అన్నీ ఉండి డ్యాన్సు హాల్లో ఎవరితోనూ కలవక గర్విష్ఠి అనిపించుకున్నవాడు. తర్వాతెప్పుడో ఎలిజబెత్ పియానో ముందు కూర్చుని ఉండగా ఆ సంగతి వస్తుంది. తెలియనివాళ్లతో చనువుగా మాట్లాడే నేర్పు తనకు లేదని అతను చెప్పుకుంటాడు. నా వేళ్లు కూడా గొప్పవాళ్ల వేళ్లలా మెట్ల మీద పరుగెత్తవు, కానీ అది వేళ్ల లోపమని నేననుకోలేదు, సాధన చెయ్యని నా లోపమే అనుకున్నాను అని ఆమె జవాబిస్తుంది. డిగ్రీలో ఈ నవల మాకు పాఠ్యం. అప్పుడు ఆ జవాబుని చమత్కారం కింద గుర్తుపెట్టుకుని మార్కులు తెచ్చుకున్నాను. అది నన్నే అందని తెలియడానికి నలభై ఏళ్లు పట్టింది. కలుపుగోలుతనం పుట్టుకతో వస్తుందని, రానివాడికి ఇక రాదని మనం తీర్పిచ్చేసుకుంటాం. సైకిలు గురించి అలా అనుకోం. ఈత గురించి అనుకోం. మనుషుల గురించే అనుకుంటాం.

బాత్ ఊరు ఈ సాధనకి ఏర్పాటు చేసిపెట్టింది. రిచర్డ్ నాష్ అని, 'బ్యూ నాష్' అనేవారు, 1705 ప్రాంతం నుంచి 1761లో పోయేదాకా ఆ ఊరి డ్యాన్సు హాళ్లకి పెత్తనదారు. ప్రభువుల బిడ్డేం కాదు, వేల్స్‌లో గాజుపని చేసేవాడి కొడుకు. కత్తులు కట్టుకుని రాకూడదన్నాడు, బూట్లతో హాల్లోకి రాకూడదన్నాడు, రాత్రి పదకొండు కాగానే వాయిద్యం ఆపాలన్నాడు. రాజుగారి కూతురు అమీలియా ఇంకొక్క పాట అని అడిగితే కూడా కుదరదన్నాడని చెప్పుకుంటారు. ఆ పదవిలో ఉన్నవాళ్ల ముఖ్యమైన పని ఒకటుంది: ఒకరినొకరు ఎరగని వాళ్లని పరిచయం చెయ్యడం. ఆస్టిన్ 'నార్తాంగర్ ఆబీ'లో పల్లెటూరి పిల్ల కేథరిన్ బాత్‌లో మొదటి రాత్రి ఆడేవాడు లేక, పలకరించేవాడు లేక జనంలో నలిగి ఇంటికెళ్తుంది. తర్వాత మరో హాల్లో పెత్తనదారు ఆమెకి టిల్నీ అనే కుర్రాణ్ని పరిచయం చేస్తాడు. అప్పటిదాకా నోరు పెగలని పిల్ల అప్పుడు గలగలా మాట్లాడుతుంది. పిల్ల మారలేదు. మధ్యన ఒక మనిషి, ఒక పద్ధతి వచ్చాయి. అన్నట్టు ఆ టిల్నీ తన చెల్లెలికి గజం ఐదు షిల్లింగులకే అసలైన ఇండియా మస్లిన్ కొన్నానని గొప్పలు పోతాడు. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు మన మగ్గం చప్పుడు వినిపిస్తుంది.

రాత్రి అసలు ఆట మొదలైంది. ఫిడేళ్లు, వేణువు, పియానో. నా జంట అమ్మాయి కాదు, ఆమె స్నేహితుల్లో ఒకరి తల్లి. కిందికి దిగుతూ దిగుతూ వరస చివరికి చేరాం. చివరికొచ్చిన జంటకి ఎదుట మరో జంట ఉండదు. ఒక ఆవృత్తం ఊరికే నిలబడాలి, తర్వాత తిరిగి పైకి ఎక్కాలి. ఎవరో తప్పు చేస్తే పడే శిక్ష కాదది, ఆటలో భాగమే. అందరూ తిరుగుతుండగా మేమిద్దరమే కదలకుండా ఎదురెదురుగా నిలబడ్డాం. నా ఒంట్లో పాత బెరుకు మళ్లీ లేచింది. ఇప్పుడేం మాట్లాడాలి?

ఇలాంటి చోట ఎలిజబెత్ డార్సీని ఆటపట్టిస్తుంది. నేను డ్యాన్సు గురించి ఒక మాటన్నాను, ఇప్పుడు మీ వంతు, హాలు ఎంత పెద్దదో, ఎన్ని జంటలున్నాయో ఏదో ఒకటి అనండి అంటుంది. అంటే ఏం మాట్లాడామన్నది లెక్క కాదు, వంతు తీర్చామా లేదా అన్నదే లెక్క. నేను నా వెయిస్ట్‌కోటు అంచు కాస్త తిప్పి, "ఈ అస్తరు మా ఊరిది" అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. అంతలో మా వంతొచ్చింది.

రెండు నెలలకి ఇండియా వచ్చేశాం. పాలకొల్లులో బంధువుల పెళ్లి. అలవాటు చొప్పున వెనక వరస, ఫ్యాను కింద కుర్చీ. పంచె, ఉత్తరీయంతో ఒకాయన వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని, "మీరెవరి తాలూకండీ?" అన్నారు.

ఈ ప్రశ్నంటే నాకు మంట. కూపీలు లాగడం అనుకునేవాణ్ని. ఆ వేళ మాత్రం, వరసలో ఎదుటి మనిషి చెయ్యి చాపినట్టే వినిపించింది. మన పెద్దలూ అడుగులు కట్టే పెట్టారు. ఎవరి తాలూకు, ఏ ఊరు, పిల్లలేం చేస్తున్నారు, భోజనాలయ్యాయా. ఆడపెళ్లివారి తాలూకని, పిల్ల మేనమామ నాకు షడ్డకుడని, మాది నర్సాపురమని మొదలుపెట్టి నా వంతు తీర్చాను. "మరి తమరో?" అని ఆయన వంతు ఆయనకిచ్చాను. ఆయన రిటైర్డ్ వెటర్నరీ డాక్టరు. గేదెల దగ్గర మొదలై చేపల చెరువుల మీదుగా ఆయన మోకాళ్ల ఆపరేషన్ దాకా వెళ్లాం. రెండో బంతికి కలిసి లేచాం, పక్కపక్కనే కూర్చున్నాం. నేనాయనకి మాధవాయిపాలెం కథ చెబుతుంటే పులుసు వచ్చింది, వెళ్లింది.

పెరుగన్నం దగ్గర అడిగాను, పెళ్లికొడుకు మీకేమవుతాడని.

"మా తమ్ముడి కొడుకేనండీ. బెంగళూరులో ఉద్యోగం."

"బెంగళూరా? హైదరాబాదు కదండీ?"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన తలెత్తి, వేదిక వెనక పూలతో రాసిన పేర్లు కళ్లు చిట్లించి చదివారు. పక్క ఫంక్షన్ హాల్లోంచి సన్నాయి వినిపిస్తోంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, విస్తరిలోకి చూసుకుని, "పెరుగు దాకా వచ్చేశాం కదండీ" అని ఆవకాయ ముక్క వైపు చెయ్యి చాపారు.