ఆడవాళ్ళ తరపున నిలిచిన ప్లీడరు



జగ్గయ్యపేట దగ్గర ఒక పల్లెలో ఒక అక్క ఉందనుకుందాం. మిరప కోతలకు కూలికి పోతుంది. మొగుడు రోజూ తాగొచ్చి కొడతాడు. ఒక రాత్రి పిల్లలతో సహా బయటికి గెంటేశాడు. తెల్లారి పెద్దమనుషులు కూర్చున్నారు. "సర్దుకుపోవాలమ్మా" అన్నారు. ఒక కాయితం ముందు పెట్టి వేలిముద్ర వెయ్యమన్నారు. అందులో ఏం రాసి ఉందో ఆమెకు తెలీదు.

ఆమె ఏం చెయ్యాలి? ముందు ఒక ప్లీడరమ్మ కథ చదువుదాం.

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళి వద్దని చెప్పేసింది. ఉప్పు సత్యాగ్రహంలో చేరి జైలుకు వెళ్ళింది.

వేలూరు జైల్లో మామూలు ఆడ ఖైదీలను చూసింది. వాళ్ళ కథలు అడిగి విన్నది. కొందరు చెయ్యని నేరానికి శిక్ష పడినవాళ్ళు. కోర్టులో తమ మాట ఎలా చెప్పుకోవాలో వాళ్ళకు తెలీదు. చెప్పేవాళ్ళు కూడా లేరు. లా చదివి ఇలాంటి ఆడవాళ్ళ తరపున నిలబడాలని దుర్గాబాయి అప్పుడే అనుకుంది.

అప్పటికి ఆమె మెట్రిక్ కూడా పాసవలేదు. జైలు నుంచి వచ్చాక పెద్ద వయసులో మళ్ళీ పుస్తకం పట్టింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. 1942లో లా పూర్తి చేసి, మద్రాసులోనే ప్లీడరుగా పనిచేసింది. తర్వాత మన రాజ్యాంగం రాసిన సభలో సభ్యురాలయింది. సంసారం తగాదాలకు వేరే కోర్టులు ఉండాలని చాలా ఏళ్ళు అడిగింది. ఆమె 1981లో చనిపోయింది. కుటుంబ కోర్టుల చట్టం 1984లో వచ్చింది.

ఇప్పుడు మన అక్క దగ్గరికి వద్దాం.

2005లో గృహహింస చట్టం వచ్చింది. కొట్టడం ఒక్కటే హింస కాదు. బూతులు తిట్టడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకుండా మాడ్చడం కూడా హింసే. ఇల్లు మొగుడి పేరున ఉన్నా ఆమెను గెంటకూడదని కోర్టు ఆర్డరు ఇవ్వగలదు. ఆమెకూ పిల్లలకూ ఖర్చులు ఇప్పించగలదు. అర్జీ పెట్టాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా వెయ్యాలి. 60 రోజుల్లో తేల్చడానికి చూడాలి. ఒక్కోసారి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో ధైర్యం చెప్పి వెంట ఉండటం కూడా ప్లీడరు పనే.

"ప్లీడరుకు డబ్బెక్కడిది?" అంటారా? ఆడవాళ్ళకు ఆస్తి ఉన్నా లేకపోయినా ప్లీడరును ఉచితంగా ఇవ్వాలి. ఇది 1987 చట్టం చెప్పిన మాట. నందిగామ కోర్టుకో జగ్గయ్యపేట కోర్టుకో వెళ్ళి న్యాయ సేవల వాళ్ళను అడగాలి. లేదా 15100కు ఫోను చెయ్యాలి. అప్పటికప్పుడు ఆపద వస్తే 112, ఆడవాళ్ళ సాయానికి 181.

పోలీసు స్టేషనులో నోటితో చెప్పినా చాలు. వాళ్ళు రాసుకుని, రాసింది మీకు చదివి వినిపించాలి. ఆ తర్వాతే సంతకం. ఎఫ్.ఐ.ఆర్. కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. దాచుకోండి.

ప్లీడరు మన తరపున మాట్లాడతారు. కానీ జరిగింది చెప్పవలసింది మనమే. ఏ రోజు కొట్టాడు, ఎవరు చూశారు, ఏ ఆసుపత్రికి వెళ్ళాం - ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే ప్లీడరుకు చాలా పనికొస్తాయి. వంకర అక్షరాలైనా పరవాలేదు.

మన అక్క ఆ రోజు వేలిముద్ర వెయ్యకుండా, "ముందు చదివి వినిపించండి" అని అడిగితే ఎలా ఉండేది? ఈ పాఠాన్ని కూడబలుక్కుని చదివిన మీరైతే, ఆ కాయితాన్ని మీరే చదువుకోగలరు.

మాట్లాడుకుందాం:

1. దుర్గాబాయి ప్లీడరు ఎందుకు అయింది?
2. చదవకుండా వేలిముద్ర వేసి నష్టపోయినవాళ్ళు మీ ఊళ్ళో ఉన్నారా?
3. 15100, 112, 181 - ఈ అంకెలు మూడుసార్లు రాయండి. పక్కింటి అక్కకు చెప్పండి.