నలుగు – చర్మతత్త్వం

పెండ్లింట నలుగు పెట్టడం తెలుగువారి ఆచారం. మాంఝా నాడు పెండ్లికూతురికి ఉబ్టన్ పూయడం ఉర్దూ మాట్లాడే ఇండ్లలోని ఆచారం. పేర్లు వేరైనా పని ఒక్కటే. పెసరపిండి లేక శనగపిండిలో పసుపు, గంధం కలిపి మెల్లగా రుద్దితే చర్మంపై జిడ్డు, మురికి, మృతకణాలు తొలగుతాయి. ఎవరి చర్మానికి ఏది తగునో ఇక్కడ పరిశీలిద్దాం.

చర్మపు పై పొర అడుగున పుట్టిన కణాలు క్రమంగా పైకి వచ్చి, జీవం కోల్పోయి, రాలిపోతాయి. యువతీయువకులలో ఇందుకు సుమారు 4 వారాలు పడుతుంది. ప్రకృతియే చేసుకొనే ఈ పనికి నలుగు సహాయం మాత్రమే.

ముఖం కడుక్కొని, ఏమీ పూయక ఒక గంట ఆగి చూడవలెను. చర్మం బిగుసుకుంటే పొడి చర్మం. అంతటా జిడ్డు తేలితే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు మాత్రమే మెరిస్తే మిశ్రమ చర్మం.

పొడి చర్మం గలవారు ముందు నూనె రాసుకొని, పెరుగు కలిపిన మెత్తని పిండితో వారానికి ఒకసారి రుద్దుకుంటే చాలు. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం మృతకణాల పట్టును సడలిస్తుంది. దీనిని 1780లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు షీలే పులిసిన పాల నుండి వేరుచేశాడు. జిడ్డు చర్మానికి పెసరపిండి, ముల్తానీ మట్టి వారానికి రెండుసార్లు వాడవచ్చు. మొటిమలున్నచోట రుద్దరాదు. నూనెలో కరిగే సాలిసిలిక్ ఆమ్లపు లేపనం అక్కడ మేలు. ఏది కొత్తగా వాడినా ముందు ముంజేతి లోపలివైపు పూసి ఒక రోజు చూడవలెను. గ్లైకాలిక్ వంటి ఆమ్లాల లేపనాలు వాడేవారు ఎండ నుండి చర్మాన్ని కాపాడుకోవలెను.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో అనేకచోట్ల బోరునీరు కఠినజలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలతో సబ్బు కలిసి తెట్టె కడుతుంది. అది చర్మాన్ని అంటుకొని పొడిబారజేస్తుంది. దానిని మురికి అనుకొని మరింత గట్టిగా రుద్దేవారున్నారు. పిండితో స్నానం చేస్తే ఈ తెట్టె కట్టదు.

అసలు ప్రమాదం మరొకటి ఉన్నది. పెండ్లి మాటలు మొదలైన ఇంట ఆడపిల్ల తెల్లబడవలెనని నైలాన్ పీచుతో నిత్యం రుద్దుకొంటుంది. చర్మపు రంగుకు కారణమైన మెలనిన్ పై పొర అడుగుభాగంలో తయారవుతుంది, రుద్దితే పోదు. పైగా ఒరిపిడికి గాయపడిన చర్మం మరింత మెలనిన్‌ను తయారుచేస్తుంది. అందుకే మెడ ఎముకల మీద, భుజాల మీద, మోకాలి కింద నల్లని మచ్చలు ఏర్పడతాయి. వాటిని పోగొట్టుకొనుటకు మళ్ళీ రుద్దితే అవి ఇంకా ముదురుతాయి. అప్పుడు చేయవలసినది పీచును మానివేసి చర్మవైద్యుని చూడడమే.

నలుగు చర్మాన్ని శుభ్రపరచగలదు, నునుపు చేయగలదు, రంగు మార్చలేదు. ఈ మాటను మన విద్యార్థినీ విద్యార్థులు తమ ఇండ్లలోని పెద్దలకు, చెల్లెండ్రకు కూడా తెలియజెప్పవలెనని కోరుతున్నాము.